లాప్‌టాప్ స్క్రీన్ దానంతట అదే తిరిగిపోతోందా? ముందు తిప్పుతున్నది ఎవరో తేల్చుకోండి

ఒక రాత్రి కోడ్ రాసుకుంటున్నాను. వరుసగా ఆరు లైన్లలో ఒకే మార్పు చేయాలి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని కింది యారో నొక్కితే కర్సర్ కింది లైన్‌కి కూడా పాకుతుంది. నొక్కాను. కర్సర్ పాకలేదు సరికదా, స్క్రీన్ మొత్తం తలకిందులైంది. టాస్క్‌బార్ నెత్తి మీదికెక్కింది, అక్షరాలన్నీ గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. టెన్షన్‌లో అవే కీలు ఇంకో రెండుసార్లు నొక్కాను, చలనం లేదు. డిస్‌ప్లే పోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే పాడైందేమీ లేదు. ఎడిటర్‌కి చేరాల్సిన కీలను గ్రాఫిక్స్ డ్రైవర్ (స్క్రీన్ మీద బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్) దారిలోనే పట్టేసుకుని స్క్రీన్ తిప్పింది, అంతే.

ఈ సమస్య వచ్చినవాళ్లు ఎక్కువగా చేసే పని, కనిపించిన సెట్టింగులన్నీ ఒకదాని వెంట ఒకటి ఆఫ్ చేసుకుంటూ పోవడం. తిరగడం ఆగుతుంది, నిజమే. కానీ ఏది ఆపిందో తెలియదు. నెల తర్వాత లాప్‌టాప్‌ను టాబ్లెట్‌లా మడిచి వాడదామంటే స్క్రీన్ ఎటూ తిరగదు, అప్పుడు మళ్లీ వెతుకులాట. స్క్రీన్‌ను తిప్పగలిగేవి మూడే మూడు: కీబోర్డు షార్ట్‌కట్, లోపలున్న సెన్సర్, డిస్‌ప్లే సెట్టింగులను మార్చేసే డ్రైవరో ప్రోగ్రామో. వీటిలో ఎవరి పనో తేలితే సగం సమస్య తీరినట్టే.

## మొదటి పని: స్క్రీన్‌ను ప్రస్తుతానికి సరిచేసుకోవడం

తలకిందులుగా ఉన్న స్క్రీన్ మీద కారణాలు వెతకడం నరకం. ముందు దాన్ని నిలబెట్టండి.

కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని పై యారో నొక్కి చూడండి. సరైపోయిందంటే సమస్య తీరడమే కాదు, కారణం కూడా దాదాపు దొరికినట్టే. నేను ఆ రాత్రి నొక్కాల్సింది పై యారో. కింది యారో ఎన్నిసార్లు నొక్కినా స్క్రీన్‌ను తలకిందులుగానే ఉంచుతుంది, తిరిగి మామూలుకి తేదు.

పని చేయకపోతే విండోస్ కీ, ఐ కలిపి నొక్కి సెట్టింగ్స్ తెరవండి. సిస్టమ్‌లో డిస్‌ప్లేకి వెళ్తే 'డిస్‌ప్లే ఓరియెంటేషన్' అని ఉంటుంది. అందులో 'ల్యాండ్‌స్కేప్' ఎంచుకోండి. పక్కనే 'ల్యాండ్‌స్కేప్ ఫ్లిప్డ్' కూడా ఉంటుంది, అది తలకిందులది.

చెప్పడం తేలికే, చేయడమే కష్టం. స్క్రీన్ తలకిందులైనప్పుడు టచ్‌ప్యాడ్ మీద వేలు కుడికి జరిపితే పాయింటర్ ఎడమకి పోతుంది, పైకి జరిపితే కిందికి దిగుతుంది. ఓరియెంటేషన్ మార్చగానే 'ఈ మార్పు ఉంచాలా' అని చిన్న పెట్టె వచ్చి 15 సెకన్లు లెక్కపెడుతుంది. ఆలోపు 'కీప్ ఛేంజెస్' నొక్కకపోతే అంతా మళ్లీ మొదటికొస్తుంది. వైర్ ఉన్నదో లేనిదో ఏదో ఒక మౌస్ చేతికందితే దాన్ని బటన్లున్న వైపు మీ వైపుకి వచ్చేలా తిప్పి పట్టుకోండి. మౌస్ తలకిందులు, స్క్రీన్ తలకిందులు, రెండూ కలిస్తే పాయింటర్ మీ చెయ్యి ఎటు పోతే అటే వెళ్తుంది. స్క్రీన్ పక్కకి పడుకుని ఉంటే మౌస్‌ను పావు చుట్టు తిప్పితే చాలు. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది కానీ బాగా పని చేస్తుంది. మౌస్ లేకపోతే ట్యాబ్ కీతో ఒక్కో అంశం మీదికి జరుగుతూ, యారోలతో ఎంచుకుని, ఎంటర్ నొక్కండి.

ఓరియెంటేషన్ మసకగా ఉండి మార్చనివ్వకపోతే, ఆ క్షణంలో స్క్రీన్ సెన్సర్ చేతిలో ఉందేమో అనుమానించండి. విండోస్ కీ, ఓ కలిపి నొక్కితే రొటేషన్ లాక్, అంటే స్క్రీన్ దానంతట అది తిరగకుండా ఆపే తాళం, పడుతుంది. ఆ తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

## రెండో పని: దొంగను పట్టుకోవడం

అయిదు నిమిషాలు లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, కీబోర్డు ముట్టుకోకుండా వదిలేయండి. స్క్రీన్ కదలకపోతే, లాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నిలువుగా వంచండి. అలా వంచినప్పుడు తిరిగిందంటే సెన్సర్ పని. వంచినా తిరగక, టైప్ చేస్తున్నప్పుడో గేమ్ ఆడుతున్నప్పుడో మాత్రమే తిరుగుతోందంటే కీబోర్డు. ఈ రెండూ కాకుండా లాప్‌టాప్ ఆన్ చేసినప్పుడో, నిద్ర నుంచి లేపినప్పుడో, మానిటర్ కేబుల్ పెట్టినప్పుడో తిరుగుతోందంటే డ్రైవర్ లేదా డిస్‌ప్లే సెట్టింగులు.

ఇంకో చిట్కా. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే పేజీ మొత్తం వెతికినా 'రొటేషన్ లాక్' అనే మాటే కనిపించలేదంటే, మీ లాప్‌టాప్‌లో తిప్పే సెన్సరే లేదు, లేదా విండోస్‌కి అది కనిపించడం లేదు. మడతపడని మామూలు లాప్‌టాప్‌లలో చాలావాటికి ఇంతే. అలాంటప్పుడు సెన్సర్ గురించి రాసినదంతా వదిలేసి కీబోర్డు, డ్రైవర్ చూసుకోండి.

స్క్రీనే పాడైందేమోనన్న భయం ఉంటే రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి చూడండి. అక్కడ విండోస్ మాట చెల్లదు. బయోస్‌లో బొమ్మ సరిగా ఉండి, విండోస్‌లోకి రాగానే తిరుగుతోందంటే డిస్‌ప్లే ప్యానెల్‌కి ఏ జబ్బూ లేదు.

## కీబోర్డు అయితే

కంట్రోల్, ఆల్ట్, యారో అనేది ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లు ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన షార్ట్‌కట్. పై యారో మామూలు, కింది యారో తలకిందులు, కుడి, ఎడమ యారోలు స్క్రీన్‌ను పక్కకి పడుకోబెడతాయి. ఇది విండోస్‌ది కాదు, డ్రైవర్‌ది. అందుకే ఒక లాప్‌టాప్‌లో పని చేస్తుంది, పక్కదానిలో చేయదు. కొత్త డ్రైవర్లలో లేకపోవచ్చు కూడా.

పాత డ్రైవర్ ఉంటే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేస్తే 'గ్రాఫిక్స్ ఆప్షన్స్' కనిపిస్తుంది, అందులో 'హాట్ కీస్', అక్కడ 'డిజేబుల్'. తర్వాత వచ్చినవాటిలో 'ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్' అనే యాప్ తెరిచి, సిస్టమ్ విభాగంలో హాట్ కీస్‌కి వెళ్లి ఆఫ్ చేయాలి. నేను చేసింది ఇదే. ఆ తర్వాత వీఎస్ కోడ్‌లో కర్సర్ బుద్ధిగా కిందికి పాకింది.

మరి నేను ఆ కీలు నొక్కలేదే అంటారా? రెండు విషయాలు చూడండి. ఒకటి, స్టిక్కీ కీస్. షిఫ్ట్‌ను వరసగా అయిదుసార్లు నొక్కితే 'స్టిక్కీ కీస్ ఆన్ చేయాలా' అని విండోస్ అడుగుతుంది, చదవకుండా అవును అనేవాళ్లు చాలామంది. అది ఆన్‌లో ఉంటే కంట్రోల్‌ను రెండుసార్లు, ఆల్ట్‌ను రెండుసార్లు నొక్కితే అవి వదలకుండా అతుక్కుంటాయి. ఆపైన మీరు పేజీ కిందికి జరపడానికి యారో నొక్కినా స్క్రీన్ గిర్రున తిరుగుతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డు అనేచోట దాన్ని ఆపేయండి.

రెండోది, నిజంగానే ఇరుక్కున్న కీ. విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే స్క్రీన్ మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. అసలు కీబోర్డులో ఏ కీ నొక్కి ఉంటే బొమ్మలో అది వెలుగుతుంది. మీరు చేతులు తీసేశాక కూడా కంట్రోల్ వెలుగుతూనే ఉందంటే ఆ కీ కింద ఏదో చేరింది.

## సెన్సర్ అయితే

మడిచి టాబ్లెట్‌లా వాడుకునే లాప్‌టాప్‌లలో, కీబోర్డు ఊడదీసే రకాల్లో యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. భూమి ఎటు లాగుతోందో అది కనిపెడుతుంది. దాన్ని బట్టి విండోస్ 'కింద' అంటే ఎటో నిర్ణయించుకుంటుంది. స్క్రీన్ నిటారుగా ఉంటే గురుత్వాకర్షణ మొత్తం, అంటే సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, స్క్రీన్ తలం వెంటే పడుతుంది. అప్పుడు అనుమానానికి తావు లేదు. అదే స్క్రీన్‌ను దాదాపు బల్లపరుపుగా పరిచి, 5 డిగ్రీలు మాత్రమే వాలి ఉండేలా పెడితే తలం వెంట పడేది 0.85 మాత్రమే. అంత చిన్న సంకేతం మీద మోకాలి కదలిక, బస్సు కుదుపు సులువుగా గెలుస్తాయి. భూమి లాగడానికీ వాహనం కుదపడానికీ తేడా ఆ చిప్‌కి తెలియదు. పడుకుని సినిమా చూసేటప్పుడూ ప్రయాణంలోనూ స్క్రీన్ ఎక్కువగా తిరగడానికి కారణం ఇదే. ఇందులో లోపమేమీ లేదు, రొటేషన్ లాక్ వేస్తే సరిపోతుంది.

లాక్ వేయడానికి మూడు దారులు: విండోస్ కీ, ఓ, లేదా విండోస్ కీ, ఏ నొక్కి వచ్చే క్విక్ సెట్టింగ్స్, లేదా సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, రొటేషన్ లాక్. విండోస్ కీ, ఓ షార్ట్‌కట్ 2012లో విండోస్ 8తో వచ్చింది. దీనికీ ఒక చిక్కుంది: పొరపాటున అవే రెండు కీలు మళ్లీ నొక్కితే లాక్ తీసేసినట్టవుతుంది. 'నిన్న లాక్ వేశాను, ఇవాళ మళ్లీ తిరిగింది' అనేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

### మామూలు లాప్‌టాప్‌లా తెరిచి ఉన్నా తిరుగుతోందా?

అసలు తలనొప్పి ఇక్కడుంది. మడిచే లాప్‌టాప్ తాను లాప్‌టాప్ రూపంలో ఉన్నానో, టాబ్లెట్ రూపంలో ఉన్నానో విండోస్‌కి చెబుతూ ఉంటుంది. లాప్‌టాప్ రూపంలో ఉంటే విండోస్ స్క్రీన్‌ను తిప్పదు, రొటేషన్ లాక్ బటన్ కూడా మసకబారిపోతుంది. చాలామంది ఆ మసక బటన్‌ను చూసి అదే లోపమనుకుంటారు. కాదు, అది సరిగా ఉన్నదానికి గుర్తు. కీబోర్డు ముందు పెట్టుకుని టైప్ చేస్తుండగా స్క్రీన్ తిరిగిందంటే, మీ లాప్‌టాప్ తనను తాను టాబ్లెట్ అనుకుంటోంది.

దీన్ని నిర్ధారించుకోవడం సులువు. తిరిగిన క్షణంలో కీబోర్డు, టచ్‌ప్యాడ్ పని చేయడం మానేశాయా? ఏదైనా ఖాళీ పెట్టెను వేలితో తాకితే స్క్రీన్ మీద టచ్ కీబోర్డు లేచిందా? ఈ రెంటిలో ఒకటి జరిగినా అనుమానం నిజమే.

ఇలా పొరపడటానికి నేను మొదట అనుమానించేది అయస్కాంతాన్ని. మూత మూసిందో లేదో, వెనక్కి మడిచిందో లేదో కనిపెట్టడానికి చాలా లాప్‌టాప్‌లలో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటుంది, మూత అంచున చిన్న అయస్కాంతం ఉంటుంది. బయటి అయస్కాంతం దగ్గరికొస్తే ఆ సెన్సర్ మోసపోతుంది. ఒకసారి నా మడిచే లాప్‌టాప్‌ను ఇంకో లాప్‌టాప్ మీద పేర్చి పని చేస్తుంటే కీబోర్డు ఆగిపోయింది, స్క్రీన్ పక్కకి తిరిగింది. గంటసేపు డ్రైవర్లు మార్చాను. విసుగొచ్చి లాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకున్నాను, అన్నీ మామూలైపోయాయి. కింద ఉన్న లాప్‌టాప్ మూతలోని అయస్కాంతం చేసిన పని అది. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్, టాబ్లెట్ కవర్, వాచ్ పట్టీ, స్పీకర్, ఇలాంటివి అరచేతులు ఆనించే చోటు నుంచి దూరంగా జరిపి చూడండి. డబ్బు ఖర్చు లేని పరీక్ష కాబట్టి ఇదే మొదట చేయండి.

కొన్ని మోడళ్లలో మూతలో ఒకటి, కింది భాగంలో ఒకటి చొప్పున రెండు యాక్సెలరోమీటర్లుంటాయి. రెండింటి మధ్య కోణాన్ని లెక్కగట్టి ఎంత మడిచారో తెలుసుకుంటాయి. వీటిలో ఒకటి తప్పు చెప్పినా ఇదే గందరగోళం. అలాంటప్పుడు పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ ఆన్ చేసి చూడండి. బిగుసుకుపోయిన సెన్సర్ కంట్రోలర్ చాలాసార్లు దీంతో దారికొస్తుంది.

ఇంకో కారణం డ్రైవర్. ఇంటెల్ చిప్ ఉన్న మెషీన్లలో రూపం మారిందన్న కబురు తరచుగా 'ఇంటెల్ హెచ్ఐడీ ఈవెంట్ ఫిల్టర్', 'ఇంటెల్ వర్చువల్ బటన్స్' అనే చిన్న డ్రైవర్ల ద్వారా వస్తుంది. విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కించినవాళ్లు గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లు వేసుకుని ఇవి మర్చిపోతారు. మీ మోడల్ పేరుతో తయారీ సంస్థ సపోర్ట్ పేజీలో వెతికి వేసుకోండి.

### లాక్ వేసినా ఆగకపోతే

ఇక సెన్సర్ నోరు మూయించాల్సిందే. సెర్చ్‌లో 'సర్వీసెస్' అని కొట్టి తెరవండి. సెన్సర్ పేరుతో మూడుంటాయి: సెన్సర్ డేటా సర్వీస్, సెన్సర్ మానిటరింగ్ సర్వీస్, సెన్సర్ సర్వీస్. ఆటో రొటేషన్ నడిపేది మూడోది. దాని వివరణలోనే, ఇది ఆపితే ఆటో రొటేషన్ జరగదని రాసి ఉంటుంది. డబుల్ క్లిక్ చేసి, స్టార్టప్ టైప్‌ను 'డిజేబుల్డ్' చేసి, 'స్టాప్' నొక్కండి. మిగతా రెండింటి జోలికి పోకండి. వెలుతురును బట్టి బ్రైట్‌నెస్ మారే సదుపాయం మానిటరింగ్ సర్వీస్ చేతిలో ఉంటుంది.

డివైస్ మేనేజర్‌లో 'సెన్సర్స్' కింద ఉన్నదాన్ని డిజేబుల్ చేయడం మరో దారి. అన్నీ ఒకేసారి కాకుండా ఒక్కొక్కటే చేసి చూడండి. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్ కింద 'ఆటో రొటేషన్' అనే ఫోల్డర్ ఉంది, అందులో 'ఎనేబుల్' విలువను 0 చేస్తే కూడా ఆగుతుంది. నా మటుకు నేను రిజిస్ట్రీ దాకా వెళ్లను. సర్వీస్ ఆపితే తీరే పనికి అంత లోతు అనవసరం. వెళ్లేవాళ్లు ముందు ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.

## డ్రైవర్ అయితే

ముందు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లకి ఏమీ కాదు.

తర్వాత రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం ఇందుకు సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కెర్నల్‌ను (అంటే తన గుండెకాయ భాగాన్ని), డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద దాచుకుని మళ్లీ అదే తెచ్చుకుంటుంది. రీస్టార్ట్‌లో మాత్రం అన్నీ కొత్తగా మొదలవుతాయి.

అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచే మొదలైందా? డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, మీ గ్రాఫిక్స్ పేరు, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, 'రోల్ బ్యాక్ డ్రైవర్'. ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ మిగల్లేదని అర్థం, తయారీ సంస్థ పేజీ నుంచి తెచ్చుకోవాలి. ఎన్విడియా కార్డు ఉంటే దాని కంట్రోల్ ప్యానెల్‌లో 'రొటేట్ డిస్‌ప్లే' అని వేరే ఉంటుంది, అదీ చూడండి.

విండోస్ కొత్తగా వేశాక బొమ్మ ఎప్పుడూ ఒకే వైపు, అంటే 90 డిగ్రీలో 180 డిగ్రీలో కచ్చితంగా తప్పుగా తిరుగుతోందంటే కథ వేరు. సెన్సర్ చిప్‌ను బోర్డు మీద ఎటు తిప్పి అతికించారో తయారీ సంస్థ డ్రైవర్‌కి తెలుసు, విండోస్‌లో ఉండే సాధారణ డ్రైవర్‌కి తెలియదు. ఆ సంస్థ ఇచ్చిన సెన్సర్ డ్రైవర్ వేసుకోవడమే మందు.

రెండో మానిటర్ వాడేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. డిస్‌ప్లే పేజీ పైన 1, 2 అని పెట్టెలుంటాయి, ఓరియెంటేషన్ దేనికదే వేరు. మానిటర్‌ను నిలువుగా పెడదామని లాప్‌టాప్ స్క్రీన్‌నే తిప్పేసుకోవడం మామూలే. 'ఐడెంటిఫై' నొక్కితే ఏ స్క్రీన్ ఏ నంబరో కనిపిస్తుంది.

## విండోస్ కాకపోతే

లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడుతుంటే సూపర్ కీ (విండోస్ కీయే), ఓ నొక్కండి, లాక్ పడుతుంది. కేడీఈ ప్లాస్మాలో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఓరియెంటేషన్ 'ఆటోమేటిక్' అని ఉంటే తీసేయండి, లేదా టాబ్లెట్ రూపంలో ఉన్నప్పుడు మాత్రమే తిరిగేలా టిక్ పెట్టండి. ఈ రెండింటికీ వెనుక సెన్సర్ కబుర్లు మోసేది ఐఐఓ సెన్సర్ ప్రాక్సీ అనే సర్వీస్. అసలు ఆటో రొటేషనే వద్దనుకుంటే దాన్ని ఆపేయొచ్చు.

క్రోమ్‌బుక్‌లో కంట్రోల్, షిఫ్ట్, రిఫ్రెష్ కీ కలిపి నొక్కిన ప్రతిసారీ స్క్రీన్ 90 డిగ్రీలు తిరుగుతుంది. పేజీ రిఫ్రెష్ చేయబోయి ఇది నొక్కేస్తుంటారు. నాలుగుసార్లు నొక్కితే మొదటి చోటికే వస్తుంది.

## అన్నీ చేసినా తిరుగుతూనే ఉంటే

అప్పుడు హార్డ్‌వేర్. కింద పడటం, నీళ్లు ఒలకడం, హింజ్ (మూత తిరిగే మడతబందు) లేదా స్క్రీన్ మార్పించడం, వీటిలో ఏదైనా జరిగాక మొదలైందేమో గుర్తు చేసుకోండి. మూతను మెల్లగా తెరుస్తూ మూస్తూ చూడండి. ప్రతిసారీ ఒకే కోణం దగ్గర తిరుగుతోందంటే హింజ్ గుండా వెళ్లే కేబుల్‌ను అనుమానించాలి. రిపేరుకిచ్చేటప్పుడు 'స్క్రీన్ తిరుగుతోంది' అని మాత్రమే చెప్పకండి. ఏ కోణంలో, ఏ రూపంలో, కీబోర్డు కూడా ఆగుతోందా లేదా, బయోస్‌లో ఎలా ఉంది, ఇవన్నీ చెప్పండి. లేకపోతే విండోస్ మళ్లీ ఎక్కించి చేతికిస్తారు.

సెన్సర్ మదర్‌బోర్డు మీదే ఉండి, బోర్డు మొత్తం మార్చాలంటే నేనైతే మార్చను. డివైస్ మేనేజర్‌లో ఆ సెన్సర్‌ను డిజేబుల్ చేసి, మామూలు లాప్‌టాప్‌లా వాడుకుంటాను. ఎప్పుడైనా నిలువుగా చదవాలనిపిస్తే డిస్‌ప్లే ఓరియెంటేషన్‌లో చేత్తోనే తిప్పుకోవచ్చు.